గీత లోపలి బాణం

శుక్రవారం పొద్దున షెడ్డు తలుపు తీసి, మైనం ముద్దను అరచేతుల మధ్య నాలుగుసార్లు నలిపితే చాలు, ఆ తేనె వాసనతో పాటే బాషా సాబ్ వచ్చి నా పక్కన కూర్చుంటాడు. మనిషి మాత్రం రాయచోటిలో తన ఇంట్లో ఉన్నాడు. నేనేమో రియాద్ ఊరవతల ఈ ఇస్తిరాహాలో, అంటే ఇక్కడి పెద్దలు సెలవు రోజుల్లో సేద తీరే తోటలో ఉన్నాను. ఖర్జూర చెట్ల వెనక, పాతకాలపు విల్లులతో బాణాలు వేసే క్లబ్బు ఒకటి మా తోటలో నడుస్తుంది. తోట కావలి నాదే, వింటినారులకు మైనం పట్టించేదీ నేనే. అరవై రెండేళ్ళ వయసులో, సౌదీ అంతటా పేరుమోసిన విలుకాణ్ణి. సరే, సౌదీ అంతటా కాదు, ఈ తోటలో. తోటలోనైనా, ఒక్క శనివారం మాత్రమే.

జగిత్యాల దగ్గరి మా ఊరి నుంచి సెంట్రింగ్ పనికి వచ్చినవాణ్ణి. మోకాళ్ళు మొరాయించాక కఫీల్, అంటే నన్ను వీసా మీద తెచ్చుకున్న యజమాని, దయతలచి ఈ తోటకు పంపాడు. ఎండలో చెట్లకు నీళ్ళు పెట్టడమా, నీడలో బాణాల షెడ్డులో కూర్చోవడమా అని చూసుకుని, మాది వేటగాళ్ళ వంశమనీ, మా తాత ఒక్క బాణంతో పులిని పడగొట్టాడనీ చెప్పాను. షెడ్డు పెద్ద బాషా సాబ్. డ్రైవరుగా వచ్చి, విరిగిన విల్లులు బాగుచేస్తూ చేస్తూ చివరికి క్లబ్బు వాళ్ళంతా ‘ముఅల్లిం’ అని, గురువుగారూ అన్నట్టు, పిలిచేదాకా ఎదిగినవాడు. నా పులి కథ శ్రద్ధగా విని, ఒక విల్లు నా చేతికిచ్చాడు. నారి లాగి వదిలాను. అది ఎడమ ముంజేతి మీద ఫెడీమని తగిలింది. బాణం నా కాళ్ళ దగ్గరే పడింది.

“మీ తాత బాణానికి పులి సచ్చిందా గంగారామూ, లేకుంటే నగి నగి సచ్చిందా?” అన్నాడు.

మా తాత కొట్టింది జొన్నచేలో పిట్టల్ని. అదీ వడిసెలతో. ఒక్కటీ పడలేదని మా నాయనమ్మ చెప్పేది. ఆ మాట కూడా ఒప్పుకున్నాక షెడ్డులో చోటు ఇచ్చాడు.

బొటనవేలికి కొమ్ము ఉంగరం తొడిగి, ఆ వేలితో నారి లాగడం నేర్పాడు. దానికంటే ముందు క్లబ్బు పద్ధతి నేర్పాడు. అది ఆయన పెట్టిందే. నడిమి పసుపుకు ఐదు, బయటికి పోయేకొద్దీ ఒక్కొక్కటి తక్కువ; ఎవరి బాణం లెక్క వాళ్ళే చెప్పాలి. వేసినవాడు ఒక్కడే లక్ష్యం దాకా నడిచి, చూసి, కేకేసి చెప్తాడు. ఇంకొకడు వెళ్ళి సరిచూడడు. అభ్యాసంలో లెక్క బాగా వస్తే ఐదడుగులు వెనక్కి జరిగి, అక్కడి నుంచి వేయాలి.

నాలాంటివాడికి ఇంతకంటే పండగ ఏముంటుంది? మూడు వస్తే నాలుగన్నాను, నాలుగు వస్తే ఐదన్నాను. ప్రతిసారీ బాషా సాబ్ “సరేప్పా” అని, కాలితో ఇసుకలో కొత్త గీత గీసేవాడు. ఐదడుగులు వెనక్కి, మళ్ళీ ఐదడుగులు వెనక్కి. నెల తిరిగేసరికి నా వీపు ప్రహరీ గోడకు ఆనుకుంది, నా బాణాలు సగం దారిలోనే ఇసుకలో పడుతున్నాయి. క్లబ్బు వాళ్ళు చాయ్ తాగుతూ నన్నే చూస్తున్నారు.

“ఇంత దూరం నుంచి ఎట్ల తాకుతది సాబ్?” అన్నాను.

“నువ్వు చెప్పిన లెక్కే గదప్పా. నేనేమన్నా పెంచినానా?”

తిట్టి ఉంటే ఇంకో అబద్ధం సిద్ధంగా ఉండేది. మళ్ళీ ముందు గీత దగ్గరికి రావడానికి, “రెండు”, “ఒకటి”, “తగల్లేదు” అని అందరి ముందూ అరుస్తూ ఇంకో నెల గడిపాను. బాణం వేయడం నాకు నిజంగా వచ్చింది ఆ నెలలోనే.

తర్వాత రెండేళ్ళకు బాషా సాబ్ కళ్ళకు పొరలు కమ్మాయి. ఇంటికి వెళ్ళిపోవడానికి ఖురూజ్ కాగితం కూడా వచ్చేసింది. ఆ వారమే సముద్రపు ఒడ్డున ఉన్న యాన్బు నుంచి ఒక జట్టు పోటీకి వచ్చింది. వాళ్ళ నాయకుడు రిఫైనరీ ఇంజనీరు, కొలతలు తప్ప వేరేదీ నమ్మని మనిషి. మా పద్ధతి విని నవ్వాడు. ఒక్క తగాదా వచ్చినా సరే, వచ్చే పోటీ నుంచి లక్ష్యం దగ్గర ఒక న్యాయనిర్ణేతను నిలబెట్టాలన్నాడు. మా క్లబ్బు పెద్దలూ తలూపారు. తాను వెళ్ళిపోయాక ఆ పద్ధతి కోసం నోరు తెరిచేవాళ్ళు లేరని బాషా సాబ్‌కు తెలుసు. మా జట్టులో ఒకరికి జ్వరం వస్తే నా పేరు చెప్పాడు.

శనివారం, సాయంత్రపు అసర్ నమాజు తర్వాత. చివరి బాణం నాది. ఐదు వస్తే గెలుపు, నాలుగు వస్తే సమానం. వదిలాను. నడిమి పసుపుకూ, చుట్టూ ఉన్న ఎరుపుకూ మధ్య గీత మీదే నిలిచినట్టు దూరానికి కనబడింది. గీతకు తాకితే ఐదే. వెళ్ళి చూశాను. తాకలేదు. వెంట్రుకవాసి సందు అని చాలామందికి చెప్పాను. వెంట్రుక కాదు, బియ్యపు గింజ దూరేంత సందు.

“ఖమ్సా!” అని అరిచాను. ఐదు.

మా వాళ్ళ కేకలకు ఖర్జూర చెట్ల మీది పావురాలు లేచిపోయాయి. బాషా సాబ్ చెప్పులతో ఇసుకను తడుముకుంటూ నా దగ్గరికి వచ్చాడు. లక్ష్యం వైపు ముఖం కూడా తిప్పలేదు.

“ఐదా?”

“ఐదే.”

“సరేప్పా.” ఆ మాట తన నోటితో ఇంజనీరుకు చెప్పడానికి వెనుదిరిగాడు.

ఆ ‘సరేప్పా’ నాకు బాగా తెలుసు. ప్రహరీ గోడ మళ్ళీ నా వీపుకు తగిలింది.

“సాబ్, ఆగు. నాలుగే.”

“ఎవరు సూసినారు?”

“ఎవ్వలు సూడలే. నేనే.”

ఆయన పక్కకు జరిగి నాకు దారి వదిలి, “అయితే నువ్వే పోయి చెప్పు” అన్నాడు.

ఆ ముప్పై అడుగులు నడిచి ఇంజనీరు ముందు “అర్బా” అన్నాను. నాలుగు. మా జట్టు వాళ్ళు నేల చూశారు. అంతవరకూ మా ప్రతి బాణం వెంట మెడ చాచి తొంగిచూసిన ఇంజనీరు, ఈసారి అడుగు కదపలేదు. తలూపి, విల్లందుకున్నాడు.

ఇక చెరొక బాణం. ఇంజనీరుది కూడా గీత మీదే నిలిచినట్టుంది. ఐదేనని మా వాళ్ళే ఒప్పుకున్నారు. ఆయన వెళ్ళి, వంగి, చాలాసేపు చూశాడు. తర్వాత లేచి మా వైపు తిరిగి నాలుగు వేళ్ళు చూపించాడు.

అప్పుడు నేను వేశాను. నడి పసుపులో, సరిగ్గా చుక్క మీద నాటుకుంది.

ఈసారి కేకలకు లేచిపోవడానికి పావురాలు కూడా మిగల్లేదు. ఆ గోలలో బాషా సాబ్ చెవి నా వైపు పెట్టాడు.

“ఎంతప్పా?”

“ఐదు సాబ్.”

ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు, లక్ష్యం దాకా తీసుకుపొమ్మని అడగలేదు. వెళ్ళేముందు ఇంజనీరు ఆయనకు సలాం చేసి, యాన్బులో కూడా ఇకనుంచి ఇదే పద్ధతి అన్నాడు. ఇప్పటికీ అక్కడ అదే నడుస్తోందట. న్యాయనిర్ణేత మాట మా దగ్గర మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

వెళ్ళే రోజు తన కొమ్ము ఉంగరం నా వేలికి తొడిగి వెళ్ళాడు. ఇప్పుడు ఈ మైనం అంటుతున్నది దానికే. ఊళ్ళో కళ్ళకు ఆపరేషన్ అయింది, బాగా కనబడుతోందట. అయినా ప్రతి శనివారం ఫోన్ చేసి, “ఎంతప్పా?” అనే అడుగుతాడు. మొన్న శనివారం మూడన్నాను. “సరేప్పా” అన్నాడు.

ఇంకొక్క సంగతి. ఆ చివరి బాణం చుక్క మీద నాటుకుందని పైన రాశాను. చుక్క మీద కాదు. రెండు వేళ్ళు ఎడమకు. కానీ గీత లోపలే.