చేరకముందే పెట్టిన టిక్కు

ఆసుపత్రి రికార్డుల గదిలో అతన్ని అందరూ టిక్కు మాస్టారు అనేవారు. చదువు పదో తరగతితో ఆగింది. కంప్యూటర్ పని చెడగొట్టి, బాగుచేసి, తనంతట తనే నేర్చుకున్నాడు.

ల్యాబ్ పట్టికలోంచి పరీక్షా ఫలితాలను ఒక్కో వరుసగా తీసి డాక్టర్ల తెరమీదికి చేర్చే ప్రోగ్రాం అతను రాసిందే. ఫలితం చెడ్డదైతే రోగికి ఫోన్లో కబురు కూడా వెళ్ళేది. వరుస అవతలికి చేరిందని రూఢి అయ్యాకే ఇవతల దాని పక్కన టిక్కు పడేది. టిక్కు లేనివాటిని ప్రోగ్రాం మళ్ళీ తీసుకునేది.

ఆ పద్ధతి అక్క దగ్గర అబ్బింది. అక్క దర్జీ. అమ్మ పోయాక మిషను తొక్కి తమ్ముణ్ణి పెంచింది. "కుట్టు పడ్డాకే సుద్దగీత దులపాలిరా. ముందే దులిపావంటే ఇక గుడ్డ మొహం చూస్తూ కూర్చోవాల్సిందే," అనేది.

పదకొండేళ్ళు సాఫీగా నడిచింది. ఒకరోజు నెట్‌వర్క్ మొరాయించి, వరుసలు చేరినా టిక్కులు పడలేదు. ఒకాయనకు ఒకే కబురు మూడుసార్లు వెళ్ళింది. ఆయన కౌంటరు దగ్గరికొచ్చి గొంతు చించుకున్నాడు.

"ఏం మాస్టారూ, ఒక్క జబ్బుకి మూడు శుభలేఖలా?" అన్నాడు సూపరింటెండెంటు, అందరి ముందూ. గదంతా నవ్వింది.

ఆ నవ్వులు ముల్లులా గుచ్చుకున్నాయి. ఆ సాయంత్రమే టిక్కును ముందుకు జరిపాడు. తీయగానే టిక్కు, ఆ తర్వాతే పంపడం. ఇక ఏదీ రెండోసారి వెళ్ళదు. అసలు ఒక్కసారీ వెళ్ళకపోతే ఏమిటన్నది అతనికి తట్టలేదు.

వానాకాలంలో ఓ మధ్యాహ్నం కరెంటు పోయింది. అప్పటికి టిక్కు పడి, ఇంకా బయల్దేరని వరుసలు నాలుగు. కరెంటు వచ్చాక ప్రోగ్రాం వాటిని అయిపోయినవనుకుని దాటేసింది.

అంతకు ముందు వారమే అక్క రొమ్ములో గడ్డకి పరీక్ష చేయించుకుంది.

"చెడ్డదైతే మీవాళ్ళే ఫోన్ చేస్తారుగా?" అని అడిగింది.

"చేస్తారక్కా. చెయ్యలేదంటే ఏం లేనట్టే."

సొంతవాళ్ళదైనా సరే, ఒకరి ఫలితం తెరిచి చూడటం అతని పద్ధతి కాదు.

ఐదు నెలలకి అక్క చెయ్యి గుడ్డను ముందుకు తొయ్యలేకపోయింది. నడుము నొప్పి. డాక్టరు మళ్ళీ పరీక్షలన్నీ చేయించి, అతన్ని పక్కకు పిలిచాడు.

"ఎముకల్లోకి పాకిందండీ. అప్పుడే తెలిసుంటే కోసి తీసేసేవాళ్ళం. పాత ఫలితం నాకు రానే లేదు."

అతను కిందికి దిగి పట్టిక తెరిచాడు. అక్క వరుస అక్కడే ఉంది. పక్కన టిక్కు. దాని చుట్టూ అలాంటివే ఇంకో మూడు. ఆ మూడింటిలో చెడ్డ ఫలితం ఏదీ లేదని ఒకటికి రెండుసార్లు చూసుకున్నాడు. టిక్కును పాత చోటికి మార్చాడు. జరిగింది కాగితం మీద రాసి సూపరింటెండెంటు బల్లమీద పెట్టాడు.

"కరెంటు పోతే మీరేం చేస్తారు మాస్టారూ? చింపెయ్యండి. ఎవరికి తెలుస్తుంది?"

"ఇవాళ అక్కకు తెలుస్తుందండీ," అని కాగితం అక్కడే వదిలి వెళ్ళాడు.

అక్క కిటికీ పక్కన చొక్కా కాలరు కుడుతోంది. అతను నిలబడే అంతా చెప్పాడు. ఆమె దారం తెంపింది.

"గీత ముందే దులిపావన్నమాట."

"ఊఁ."

"ఎవడో నవ్వాడని."

"ఊఁ."

"ఇంట్లో చెప్పిన మాట కంటే బయట నవ్విన నవ్వే ఎక్కువైందిరా నీకు." సూది అతని చేతికిచ్చింది. "ఇదిగో, దారం ఎక్కించు. నాకు కళ్ళు ఆనడం లేదు."

మూడుసార్లు ప్రయత్నించినా దారం ఎక్కలేదు.

"ముందు కళ్ళు తుడుచుకోరా వెర్రివాడా," అంది. పైటకొంగు అందించింది.

ఆ చలికాలం ఆమె దాటలేదు.

ఇప్పుడు మళ్ళీ అప్పుడప్పుడూ ఎవరో ఒకరు కౌంటరు దగ్గర, "ఒకే కబురు రెండుసార్లేంటయ్యా, మతి ఉందా మీకు?" అని దెబ్బలాడుతుంటారు. టిక్కు మాస్టారు బయటికొచ్చి, ఆ తిట్లన్నీ చివరిదాకా నిలబడి వింటాడు. తర్వాత లోపలికెళ్ళి, ఆ రోజు తీసినవెన్నో చేరినవెన్నో పక్కపక్కన పెట్టి, ఒక్కొక్కటీ వేలు పెట్టి సరిచూసుకుంటాడు.