ఏం చూసినవ్ తమ్మీ?

పరదేశంలో, క్లేటన్ అనే పేటలో నాతోపాటు అద్దెకున్న అన్న ఎప్పుడూ ఇటలీ హత్యల సినిమాలే చూసేవాడు. హత్య జరగగానే సినిమా ఆపి, "ఏం చూసినవ్ తమ్మీ?" అని అడిగేవాడు.

"నల్ల గ్లౌజులవాడు పొడిచాడన్నా."

"గ్లౌజులు చూసినవ్. మనిషిని చూసినవా?"

అంతకుముందు అన్న స్నేహితుడొకడు స్టేషన్‌లో అన్న పక్కనే నిలబడి ఉండగా రైలు కింద పడి చనిపోయాడు. తలరాత అన్నారు మనవాళ్ళు. కారణం వెతకడానికి బద్ధకించేవాళ్ళ మాట అది. చనిపోయినవాడి తల్లి ఒప్పుకోలేదు. ప్రతి ఆదివారం ఇండియా నుంచి ఫోన్ చేసి అన్నను అడిగేది.

"జారిండా బిడ్డా, ఎవరన్నా తోసిండ్రా?"

"నేను చూడలే ఆంటీ. అప్పుడు మెసేజ్ చదువుతున్న."

ఫోన్ పెట్టేశాక అన్న సినిమాను వెనక్కి తిప్పి, అందులోని హత్యను రెప్పవేయకుండా మళ్ళీ చూసేవాడు.