మా తోడికోడలు చూసొచ్చిన లోకం

మా తోడికోడలు వంటమనిషి. ఆ మాటంటే మా ఇంట్లోవాళ్లకు కోపం. టూరు కంపెనీలో వంట చూసుకుంటుంది అనాలట. ఏ పేరు పెట్టినా పొయ్యి పొయ్యే. దేశాలు తిరిగే యాత్రికులకు పరాయి తిండి పడదని ఆ కంపెనీవాళ్లు గిన్నెలతో సహా ఈవిడను విమానం ఎక్కించుకుని తీసుకుపోతారు. అలా పారిస్‌లో ఇనుప టవరు చూసింది, రోములో రాజులు మనుషుల్నీ మృగాల్నీ కొట్లాడించిన మైదానం చూసింది, చైనా గోడ ఎక్కి దిగింది, ఈజిప్టు ఎడారి తిరిగొచ్చింది. నేను చూసినవల్లా మా వీధి చివర నీళ్ల ట్యాంకు, మా ఆయన వీపు.

ఇద్దరం ఒకే ఇంటికి కోడళ్లుగా వచ్చాం. నేను పెద్దదాన్ని. వచ్చిన కొత్తలో దానికి పొయ్యి వెలిగించడం కూడా నేనే నేర్పాను. మరిది పోయాక పిల్లల్ని పెంచుకోవాలి గనక ఒక చిన్న హోటల్లో కూరలు తరిగే పనికి కుదిరింది. కబుర్లు చెబుతూనే బుట్టెడు ఉల్లిపాయలు తరిగేస్తుంది, కత్తి వైపు చూడనే చూడదు. ఆ వేగం చూసే టూరు మేనేజరు పట్టుకుపోయాడు. దాని కష్టం నేను కాదనను. కానీ కష్టపడ్డవాళ్లందర్నీ విమానం ఎక్కిస్తున్నారా? నేను పడలేదా కష్టం?

అది తిరిగొచ్చిన ప్రతిసారీ వీధి వీధంతా మా ముందుగదిలో చేరేది. గొప్పలు పోదు, అదే నాకు మంట. గొప్పలు పోతే నాలుగు అంటించేదాన్ని. ఆ గోడ మీద గాలి ఎంత విసురుగా ఉంటుందో నెమ్మదిగా చెబుతుంటే అందరూ నోళ్లు తెరుచుకుని వినేవారు. నేను లోపల గిన్నెలు తోముతూ చప్పుడు చేసేదాన్ని. ఎవరైనా పిలిస్తే, గోడలు చూడ్డానికి అంత దూరం పోవాలా, మనింట్లో నాలుగున్నాయిగా అనేదాన్ని. అందరూ నవ్వేవారు. నవ్వు నాకు, చూపులు దానికి.

ఈ ఏడు అది స్నానాలగదిలో జారిపడి మణికట్టు విరగ్గొట్టుకుంది. ఈజిప్టు టూరుకు మనిషి కావాలని మేనేజరు ఇంటికొచ్చాడు. కాఫీ తాగుతూ నావైపు చూసి, పెద్దమ్మగారు వస్తారా అని అడిగాడు. నేను నోరు తెరిచేలోగా అది అందుకుంది.

"అక్క రాదు బాబూ. గోడలూ రాళ్లూ అంటే ఆవిడకి పడదు. పైగా పాస్‌పోర్టు కూడా లేదు."

వెటకారమేమోనని దాని మొహంలోకి చూశాను. కాదు. నేనన్న మాటలన్నీ నిజమనుకుంది పిచ్చిది. ఇప్పుడు ఊరుకుంటే ఇక ఈ జన్మకింతే.

"ఉంది," అన్నాను.

"ఏముందక్కా?"

"పాస్‌పోర్టు."

మా ఆయన పేపరు దించాడు. ఎప్పుడు చేయించావే అన్నాడు. నువ్వు కునుకు తీస్తున్నప్పుడు అన్నాను. తర్వాత మేనేజరు వైపు తిరిగాను.

"రాళ్ల కోసం కాదు. చెయ్యి తిరిగిన మనిషి లేక మీవాళ్లు పస్తుంటారని వస్తున్నాను."

పోయాను. ముందు పిరమిడ్లు. యాత్రికులు పొద్దున్నే బస్సెక్కారు. నేను బసలోని వంటింట్లో బంగాళదుంపల ముందు కూర్చున్నాను. వాళ్లు ఎండకు కమిలిన మొహాలతో తిరిగొచ్చేసరికి ఇంకా ఆఖరి దుంపలు చెక్కుతున్నాను. అంత దూరం పోయి, పిరమిడ్లను ఎవరో ముసలాయన ఫోనులో చూశాను. పైగా ఆయన, కిందటిసారి వచ్చినావిడైతే మాతోపాటే అన్నీ తిరిగేదండీ అన్నాడు. అదే వంట, అంతే మంది. అది ఎలా చూసింది?

దాన్ని ఒకటి అడగడమంటే నాకు తల తీసేసినట్టే. అయినా సాయంత్రం ఫోను చేశాను. పిల్లల సంగతి అడిగి, మణికట్టు సంగతి అడిగి, ఇక అడగడానికేమీ మిగలక అసలుది అడిగాను.

"నువ్వు కూరలు ఎప్పుడు తరుగుతావే?"

"బస్సులో అక్కా. ఒళ్లో పళ్లెం పెట్టుకుని. దిగేసరికి అయిపోవాలి. నీకు చెప్పాగా."

"ఎప్పుడు చెప్పావు?"

"వచ్చినప్పుడల్లా చెబుతూనే ఉన్నా. నువ్వు లోపల గిన్నెలు తోముతుంటావుగా, వినపడి ఉండదు."

ఆ తర్వాత దక్షిణానికి పోయాం, ఎడారిలో పొడుగాటి బస్సు ప్రయాణం. ఆ కుదుపులకు రెండు వేళ్లు కోసుకున్నాను, ఉల్లిపాయ ముక్కలు చిన్నా పెద్దా పడ్డాయి, కానీ బస్సు ఆగేసరికి పళ్లెం నిండింది. దాన్ని సీటు కిందకు తోసి అందరికంటే ముందు దిగాను.

కొండను తొలిచి కట్టిన గుడి. గుమ్మానికి అటూ ఇటూ నలుగురు రాతి రాజులు కూర్చుని ఉన్నారు. నలుగురూ ఒక్కడేనట, తన బొమ్మే నాలుగుసార్లు చెక్కించుకున్నాడట. ఆ పొగరు నాకు నచ్చింది. వాటిలో ఒక బొమ్మ నడుం పైన విరిగి, తలకాయ కాళ్ల దగ్గర పడి ఉంది. ఆ రాజు మోకాలి ఎత్తుకైనా నేను రాను. కళ్లు తుడుచుకుందామంటే వేళ్లకు ఉల్లి.

ఎలా ఉందమ్మా అని మేనేజరు పక్కనుంచి ఏదో అంటున్నాడు. నా మనసులో ఒక్కటే తిరుగుతోంది. అది దీన్ని నాకంటే ముందు చూసింది. చూసి ఇంటికొచ్చి, ఏమీ ఎరగనట్టు నా పక్కన కూర్చుని అన్నం తింది.