భయాన్ని దాచని మా సోషల్ మేడమ్

మా సోషల్ మేడమ్ ఇక లేరని పోయిన సోమవారం ఉదయం హెడ్మాస్టరు గారు స్టాఫ్ రూమ్ గుమ్మంలో నిలబడి చెప్పారు. గుండె ఆపరేషన్‌కి తీసుకెళ్ళేలోపే పోయారట. వినగానే నాకు కలిగింది దుఃఖం కాదు, భయం. ఇంత పెద్ద బడిలో భయమేస్తోందని నేను పైకి చెప్పుకోగలిగిన మనిషి ఆవిడొక్కరే. ఇక నేనెవరితో చెప్పుకోవాలి?

పోర్టు పక్కనున్న పాత ఊరు, వన్ టౌన్‌లోని మా హైస్కూల్లో నేను సైన్సు చెబుతాను. ఆవిడ నాకన్నా చాలా పెద్ద. పద్మనాభం వైపు పల్లెలో రైతుల ఇంట్లో పుట్టి, పెళ్ళయ్యాక ఈ ఇరుకు సందుల్లోకి వచ్చారు. అంత పిరికి మనిషిని నేను చూడలేదు. ఉరిమితే చెవులు మూసుకునేవారు. లిఫ్ట్ ఎక్కేవారు కాదు. రోడ్డు దాటేటప్పుడు నా మోచెయ్యి పట్టుకుంటే, లారీ వెళ్ళిపోయాక కూడా వదిలేవారు కాదు. క్లాసులో పుస్తకంలా మాట్లాడే మనిషికి భయమేస్తే చాలు, ఊరి యాస తన్నుకొచ్చేది.

చరిత్ర కూడా అలాగే చెప్పేవారు. "ఏ రాజు గెలిచాడో పుస్తకంలో ఉంది. ఆ రోజు ఊళ్ళో జనం దేనికి భయపడ్డారో అది అడగండి" అనేవారు. పిల్లలు ఇళ్ళకెళ్ళి ముసలమ్మల్ని అడిగి, తుఫాన్ల గురించీ కలరా గురించీ కథలు మోసుకొచ్చేవారు.

కిందటేడు చరిత్ర బాగా చెప్పే టీచర్లకి అవార్డు పోటీ పెట్టారని తెలిసి, ఆవిడ పేరు నేనే పంపాను. తెలియగానే నుదురు కొట్టుకున్నారు. "ఎంత పని సేసినావమ్మా! ఆళ్ళొచ్చి ఎదురుగా కూకుంటే నాకు మాటొస్తదేటి?"

చివరి దశలో న్యాయనిర్ణేతల ముందు సొంత ఊరి చరిత్ర మీద పాఠం చెప్పాలి. ఆవిడ తొమ్మిదో తరగతి పిల్లల్ని బడి వెనక కొండ మెట్ల మీద కూర్చోబెట్టారు. కింద పాత పెంకుటిళ్ళు, వాటి వెనక పోర్టు క్రేన్లు. ఇద్దరు న్యాయనిర్ణేతలు కాగితాలు పట్టుకుని పై మెట్టు మీద కూర్చున్నారు. తోడుగా నన్నూ రమ్మన్నారు ఆవిడ. రెండో ప్రపంచ యుద్ధకాలంలో ఈ ఊరి మీద బాంబులు పడిన రోజు గురించి పాఠం. నా వైపు ఒకసారి చూసి మొదలుపెట్టారు.

"పొయ్యి మీద అన్నం అలాగే వదిలేసి పరిగెత్తారు. మీరైతే ఏం పట్టుకుని పరిగెత్తేవారు?"

"మా తమ్ముణ్ణి, మేడమ్" అంది ఒక పిల్ల.

అంతలో ఘాటుగా వాసన వచ్చింది. ముక్కు మండి, కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కింద ఐసు ఫ్యాక్టరీ వైపు నుంచి కేకలు. "గ్యాసు! గ్యాసు లీకయిపోనాది! పరిగెట్టండి!"

కొన్నేళ్ళ కిందట ఫ్యాక్టరీ గ్యాసు లీకై జనం చనిపోయిన ఈ ఊళ్ళో ఆ మాట వింటే ఎవరి కాళ్ళూ నిలవవు. పిల్లలంతా ఒక్కసారి లేచారు. ఇరుకు మెట్లు, తోసుకుంటే ఒకరి మీద ఒకరు పడతారు. అమ్మోనియా అని వాసనని బట్టి నాకు తెలుసు. కానీ నోరు పెగల్లేదు.

ఆవిడ నా భుజాలు పట్టి కుదిపారు. ముఖంలో నెత్తురు చుక్క లేదు. "సైన్సు టీచరువి కదా. ఏటి సెయ్యాల? సెప్పు!"

"తడిగుడ్డ... ముక్కుకి. గాలి మన మీదికే వస్తోంది, అడ్డంగా పక్కకి పోవాలి."

ఆవిడ పిల్లల వైపు తిరిగారు. "నాకూ బయమేస్తంది. మీరూ బయపడండి. గానీ పక్కోడి సెయ్యి మాత్రం వొదలకండి!"

సీసాల్లో నీళ్ళతో చున్నీలు, చేతిరుమాళ్ళు తడుపుకుని, చేతులు పట్టుకుని పక్క సందులోకి నడిచాం. ఆయాసం ఉన్న ఒక పిల్ల దగ్గుతూ కూలబడిపోయింది. ఆవిడ తన తడికొంగు దాని ముఖానికి అడ్డంపెట్టి నడుం పట్టి లేపారు. పెద్దాయనైన న్యాయనిర్ణేత కాగితాలు పారేసి రెండో పక్క పట్టుకున్నారు. సముద్రం ఒడ్డు రోడ్డుకి చేరాక, ఆ పిల్లని ఆటోలో ఆసుపత్రికి పంపాక, ఆవిడ మిగతా వాళ్ళని మళ్ళీ మళ్ళీ లెక్కపెట్టారు. తర్వాత ఫుట్‌పాత్ మీద కూర్చుని చిన్నపిల్లలా ఏడ్చారు. లీకు ఆపేశారు. ఎవరి ప్రాణానికీ ఏమీ కాలేదు. ఆ పిల్ల రెండు రోజులకే ఇంటికొచ్చింది.

పాఠం మరోసారి చెప్పవచ్చన్నారు న్యాయనిర్ణేతలు. ఆ పిల్ల బడికి వచ్చిన రోజే ఆవిడ వాళ్ళని పిలిచారు. పాఠం మాత్రం మొదటినుంచి చెప్పలేదు.

"ఆ రోజు మీరు దేనికి భయపడ్డారో చెప్పండి. ముందు నేను చెబుతాను. ఒక్క క్షణం మిమ్మల్నందరినీ వదిలేసి పారిపోవాలనిపించింది."

తర్వాత ఒక్కొక్కరే లేచారు. అమ్మ గుర్తొచ్చిందని ఒకరు, ఊపిరి ఆగిపోతుందనుకున్నానని ఆ పిల్ల. చివర్లో న్యాయనిర్ణేత పెద్దాయన కూడా చెయ్యెత్తారు. "నేను మెట్లు దిగలేనేమో, మీరంతా నన్ను వదిలేసి వెళ్ళిపోతారేమో అనుకున్నాను" అన్నారు.

అవార్డు ఆవిడకే వచ్చింది. వేదిక మీదికి ఒంటరిగా వెళ్ళనంటే నేనూ పక్కన నిలబడ్డాను. నా మోచెయ్యి పట్టుకునే నమస్కారం పెట్టి, ఒక్క మాటా మాట్లాడకుండా దిగిపోయారు.

నేను ఆవిడని చివరిసారి చూసింది ఆ కబురుకి ముందు శనివారం సాయంత్రం, ఆసుపత్రిలో. కళ్ళు తెరిచి నన్ను గుర్తుపట్టారు.

"బయమేస్తందమ్మా."

"నాకూ" అన్నాను.

ధైర్యం చెప్పమని ఆవిడ అడగలేదు. నేనూ చెప్పలేదు.

"కాసేపు కూకో."

కూర్చున్నాను. కిటికీ అవతల, పోర్టులోకి పిలుపు కోసం దూరంగా ఆగి ఉన్న ఓడలు ఒక్కొక్కటే దీపాలు వెలిగిస్తున్నాయి. ఆవిడ దిండు మీద తల పక్కకి తిప్పి, వాటినే చూస్తున్నారు.