మామ కొన్న తెరచాప పడవ

కోయంబత్తూరులో మా ఫైబర్ వర్క్‌షాపుకి వచ్చేవన్నీ యాసిడ్ ట్యాంకులు, పంపుల మూతలు. ఒక ఉదయం మా మామ, అంటే అమ్మకు తమ్ముడు, కొచ్చి నుంచి లారీ మీద ఒక తెరచాప పడవను తెచ్చి గేటు ముందు ఆపాడు. ఇరవై ఆరు అడుగుల పాత ఫైబర్ పడవ. లోపల ముగ్గురు పడుకోవచ్చు. నాలుగు రోజులు సముద్రం మీద తిరిగి రావచ్చు, కావాలంటే పందేనికీ దింపవచ్చు. అత్త పోయాక ఆయన ఫౌండ్రీని కొడుక్కి అప్పగించి, కొచ్చిలో పడవ నడపడం నేర్చుకుంటున్నాడని తెలుసు. కొనేస్తాడని ఎవరూ అనుకోలేదు. అమ్మ రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు.

నేను చెక్క సుత్తితో పడవంతా తట్టి చూశాను. ముందు భాగంలో చప్పుడు మెత్తగా వచ్చింది. ఫైబర్ పొరల మధ్య చెక్క నానిపోయింది. పైపొర కోసి, పుచ్చిన చెక్క తీసేసి, ఎండకు ఆరబెట్టి, కొత్త పొరలు వేసేసరికి రెండు నెలలు పట్టింది. మామ రోజూ వచ్చి నా పక్కనే గరుకు కాగితంతో రుద్దేవాడు. అత్త గురించి అంతకుముందు ఆయన నోట ఒక్క మాట వినలేదు. రామేశ్వరంలో ఆమె పడవ ఎక్కుదామని అడిగితే, ఫౌండ్రీలో పని ఉందని వెనక్కి తీసుకొచ్చేశానని ఒకరోజు తలెత్తకుండా చెప్పాడు.

పడవ బాగయ్యాక మామ దాన్ని కొచ్చిలో తెరచాప పడవల పందేనికి తీసుకెళ్లాడు. పందెం రోజు, ఆయనతో రావలసిన స్నేహితుడికి జ్వరం వచ్చింది. నేను ఎక్కాను. తాడు లాగమంటే లాగడం, వదలమంటే వదలడం, అంతే నా పని. మొదటి మలుపు దాకా మూడో స్థానంలో ఉన్నాం. అక్కడ గాలి బలంగా కొట్టి పడవ ఒక పక్కకు ఒరిగింది. చుక్కాని పట్టుకున్న ఆయన చెయ్యి వణుకుతోంది. భయపడ్డాడనుకున్నాను.

"ఆరు నెలలాయె అమ్మణీ, ఇట్లే వణకతా ఉండాది. ఎవురికీ చెప్పలే," అన్నాడు.

"శరి మామా. మీరు గాలి చూసి చెప్పండి, నేను పట్టుకుంటా," అన్నాను.

నాకు చుక్కాని ఇచ్చి ఆయన తాడు తీసుకున్నాడు. తొమ్మిది పడవల్లో ఏడో పడవగా చేరాం. రేవులో దిగగానే అమ్మకు తనే ఫోన్ చేసి చేతి వణుకు సంగతి చెప్పాడు. మదురైలో పిన్ని కూతురు నరాల డాక్టరు. అమ్మ ఆ వారమే ఆయన్ను బస్సెక్కించి అక్కడికి తీసుకెళ్లింది. మందులతో వణుకు కొంత తగ్గింది గానీ పూర్తిగా పోలేదు.

పందేలు మానేశాం. రెండు నెలలకొకసారి ఇద్దరం కొచ్చి వెళ్లి పడవలో తిరిగి వస్తాం. పోయిన నెల అమ్మ కూడా ఎక్కింది. గంటసేపు కళ్లు మూసుకునే కూర్చుంది గానీ, దిగుతానని మాత్రం అనలేదు.