మొదటి కాపీ ఎమ్మెల్యే గారికి

మా ఎడిటర్ మావయ్య గారు పోయారు. పోయిన శుక్రవారం పొద్దున, బందరులో తన ఇంట్లోనే, కాఫీ తాగి, పేపరు మడిచి పక్కన పెట్టి, కుర్చీలోనే వెళ్ళిపోయారు. మర్నాడు పెద్ద పత్రికలు జిల్లా పేజీలో నాలుగు ముక్కలు వేశాయి. అందులో 'సౌమ్యుడు' అని రాశారు. సౌమ్యుడట! ఆయన పత్రిక వచ్చే శుక్రవారం నాడు ఊళ్ళో ఎంతమంది పెద్దమనుషులు భుజాలు తడుముకునేవారో ఆ రాసినవాళ్ళకేం తెలుసు? అందుకే ఈ మాటలు నేను రాయాల్సి వచ్చింది.

ఆయన నాకు చుట్టం కాదు. గొడుగుపేట సందులో ఆయన నడిపిన నాలుగు పేజీల వారపత్రికలో చాలా ఏళ్ళు ప్రూఫులు దిద్దాను. చేరిన కొత్తలో 'సార్' అంటే, సార్ అంటే బెత్తం గుర్తొస్తుందమ్మా, మావయ్యా అను చాలు అన్నారు. దాంతో ఆయన భార్య అత్తయ్య గారయ్యారు. ప్రెస్సు వెనకే ఇల్లు. మిషను ఆగితే వంటింట్లో పోపు వేగుతున్న చప్పుడు వినపడేది.

మూడో పేజీ అడుగున గీతల డబ్బాలో ఒక వ్యంగ్యం పడేది. కింద పేరుండదు. రాసేది మావయ్య గారేనని అందరికీ తెలుసు. కొందరు మిగతా పత్రిక వదిలేసి ఆ డబ్బా ఒక్కటే చదివేవారు. అది రాయగానే ముందు అత్తయ్య గారి దగ్గరికి పట్టుకెళ్ళేవారు. ఆవిడ నవ్వకపోతే చింపేసేవారు. మరీ పడీ పడీ నవ్వితే ఒక వాక్యం కొట్టేసేవారు. అంత నవ్వొచ్చిందంటే అవతలివాడి ఇంట్లో ఆడవాళ్ళు ఏడుస్తారనేవారు. ఒకసారి నేను ఒకాయన బొజ్జ మీద ఒక ముక్క కలిపితే, చదివి, చిన్నగా నవ్వి, కలంతో అడ్డంగా గీసేశారు. "పని మీద వెయ్యమ్మా, ఒంటి మీద వెయ్యకు. ఒళ్ళు ఆయన చేసుకుంది కాదు" అన్నారు.

ఇంకో అలవాటుంది. అలాంటిది మరే ఎడిటరుకీ ఉన్నట్టు నేను వినలేదు. ఆ వారం ఎవరి మీద రాస్తే వాళ్ళకి మొదటి కాపీ తనే తీసుకెళ్ళి ఇచ్చేవారు. సిరా ఆరీ ఆరని కాయితం సైకిలు హ్యాండిలుకి చుట్టుకుని బయల్దేరేవారు. వెనకాల నవ్వి ముందు దండం పెట్టేవాణ్ణి కానని ఆయన పట్టుదల. కొందరు తిట్టేవారు, కొందరు తలుపు తీసేవారు కాదు. మా వైపు ఎమ్మెల్యే గారు మాత్రం అరుగు మీద కూర్చోబెట్టి మజ్జిగ ఇప్పించేవారు. ఆయన ఇల్లు గుడివాడ రోడ్డులో, సైకిలు మీద గంట ప్రయాణం. ఆయన మీద తరచుగా రాయవలసి వచ్చేది కాబట్టి మావయ్య గారు మజ్జిగ కూడా తరచుగానే తాగారు.

ఇది తొంభైల చివర్లో మాట. కాలవ చివరి ఊళ్ళకి సాగునీళ్ళు అందటం లేదు. దివిసీమ వైపు నారుమళ్ళు ఎండిపోయాయి. చేలల్లోకి ఉప్పునీళ్ళు ఎగదన్నుతున్నాయి. ఎమ్మెల్యే గారు మంచాయనే, కానీ అసెంబ్లీకి వెళ్ళి ఒక్కసారి నోరు విప్పలేదు. ఆ వారం డబ్బాలో ఈ ప్రకటన పడింది.

'తప్పిపోయినది. మన ఎమ్మెల్యే గారి గొంతు. గంభీరంగా ఉంటుంది. ఆఖరిసారి వినబడినది ఎన్నికల ముందు, హంసలదీవి తిరునాళ్ళ మైకులో. హైదరాబాదు బస్సెక్కిన దగ్గర్నుంచి ఆచూకీ లేదు. దొరికినవారు కాలవ చివరి ఊళ్ళలో ఎవరికైనా అప్పగించగలరు.'

అత్తయ్య గారు సరిగ్గా నవ్వాల్సినంతే నవ్వారు. కాపీ వెళ్ళింది, మజ్జిగా వచ్చింది. ఎమ్మెల్యే గారు చదివి, గట్టిగానే రాశారండీ అన్నారట, అంతే. కానీ పార్టీవాళ్ళు ఊరుకోలేదు. సభలో సభ్యుడి తీరు మీద ఎగతాళి చేస్తే సభనే అవమానించినట్టన్నారు. ఉన్నమాటంటే ఉలుకెక్కువ కదా! తర్వాతి సమావేశాల్లో ఎమ్మెల్యే గారి చేతే సభా హక్కుల ఉల్లంఘన కింద ఫిర్యాదు చేయించారు. అది కమిటీకి వెళ్ళింది. హైదరాబాదు వచ్చి సంజాయిషీ ఇచ్చుకోమని మావయ్య గారికి పిలుపొచ్చింది. సభ తలుచుకుంటే జైలుకి కూడా పంపవచ్చని ప్లీడరు గారు చెప్పారు. మావయ్య గారు లోపలికెళితే పత్రిక మూతే.

నాకు ఒళ్ళు మండిపోయింది. అక్కడికక్కడే ఇంకో ప్రకటన రాశాను. గొంతు దొరికింది, సభలో మొట్టమొదటిసారి వినబడింది, నీళ్ళ గురించి కాదు, మన గురించి అని. మావయ్య గారు చదివి కళ్ళమ్మట నీళ్ళొచ్చేలా నవ్వి, సొరుగులో పడేశారు. ఇప్పుడు వేస్తే కోపంతో వేసినట్టుంటుంది, కోపంతో వేసింది నవ్వు కాదన్నారు.

నాకు కోపం చల్లారలేదు. వాళ్ళకున్న హక్కేమిటి, మనకి లేనిదేమిటని అడిగాను. అప్పుడాయన అన్నమాట నేను మర్చిపోను.

"సభలో ఏం మాట్లాడినా ఎవరూ కేసు పెట్టకూడదని వాళ్ళకి ఆ హక్కు ఇచ్చాంరా అమ్మా. ఇచ్చింది మనమే. భయం లేకుండా నోరు తెరవమని ఇచ్చాం. దాంతో మన నోరు మూస్తానంటే ఎట్లా?"

ఊరంతా ఒకటే సలహా. తప్పయిందని ఒక్క ముక్క అనేసి వచ్చెయ్యండి, పోయేదేముంది అని. బయల్దేరే రోజు అత్తయ్య గారు సంచిలో రెండు జతల బట్టలు, ఒక దుప్పటి సర్దారు. జైలు మాట ఎవరూ ఎత్తలేదు గానీ వేసవిలో ఆ దుప్పటెందుకో అందరికీ తెలుసు. గుమ్మం దాకా వచ్చి ఆవిడ, "తప్పు చేశామనిపిస్తే చెప్పండి. భయమేసి మాత్రం చెప్పకండి. చెప్పారా, ఆ డబ్బా నేనింక చదవను" అన్నారు. మావయ్య గారి మొహం చూశాను. జైలుకన్నా ఆ మాటకే ఎక్కువ భయపడ్డారు.

కమిటీ ముందు ఏం జరిగిందో తిరిగొచ్చాక ఆయన చెప్పిందీ, వెంట వెళ్ళిన ప్లీడరు గారు చెప్పిందీ ఒకటే. అధ్యక్షుడు మర్యాదగానే అడిగారట, క్షమాపణ చెబుతారా అని. మావయ్య గారు లేచి నిలబడి, "గొంతు లేదన్నది అబద్ధమైతే తప్పకుండా చెప్తానండీ. అది అబద్ధమని చూపించడం ఎమ్మెల్యే గారి చేతిలోనే ఉంది. మా కాలవ గురించి సభలో ఒక్క ప్రశ్న అడగమనండి. ఆ వారమే మొదటి పేజీలో క్షమాపణ వేస్తాను" అన్నారట. ఒకరిద్దరు నవ్వారు, ఒకాయన బల్ల గుద్దారు. ఎమ్మెల్యే గారు మాత్రం తలెత్తలేదట. విషయం వాయిదా పడింది.

ఆ వాయిదాలో మేం ఎట్లా గడిపామో దేవుడికే తెలియాలి. మావయ్య గారు మామూలుగానే డబ్బా రాశారు, అత్తయ్య గారు మామూలుగానే చదివారు. దుప్పటి మాత్రం సంచిలోంచి తీయలేదు. మళ్ళీ సమావేశాలు మొదలయ్యాక ఒకరోజు పొద్దున పేపర్లో చూశాం. మా ఎమ్మెల్యే గారు లేచి కాలవ చివరి ఊళ్ళ నీళ్ళ గురించి అడిగారు. సొంత పార్టీ మంత్రినే అడిగారు. జవాబు సరిగా రాలేదని మళ్ళీ లేచారు. నీళ్ళొచ్చాయా అంటే, ఆ ఏడు ఆలస్యంగానైనా కొన్ని ఊళ్ళకి వచ్చాయి.

మేం గెలిచామని నేను గంతులేస్తుంటే మావయ్య గారు క్షమాపణ రాసుకొచ్చారు. ఇదేం చోద్యం, గెలిచి దండం పెట్టడమేమిటి, వంగిపోయారంటారని పోట్లాడాను. "మాటిచ్చాను కదమ్మా. మన తప్పు మనం ఒప్పుకోకపోతే రేపు మన ఎగతాళిని ఎవరు నమ్ముతారు?" అన్నారు. మొదటి పేజీలో, పెద్ద అక్షరాల్లో వేశాం. 'ఎమ్మెల్యే గారి గొంతు తప్పిపోయిందన్న ప్రకటన నేటితో రద్దు. గొంతు దొరికింది, బాగా పనిచేస్తోంది. లేదన్నందుకు క్షమాపణలు.' అత్తయ్య గారు అది చదివి, లోపలికెళ్ళి దుప్పటి తీసి బీరువాలో పెట్టారు. మావయ్య గారు సైకిలెక్కారు. ఫిర్యాదు అంతటితో ముగిసింది. ఆ పై ఎన్నికల్లో ఎమ్మెల్యే గారికి టిక్కెట్టు రాలేదు. సొంత మంత్రిని నిలదీసినవాడికి ఎవరిస్తారు? తర్వాత కొన్నేళ్ళకి పత్రికా ఆగిపోయింది. శుక్రవారం మజ్జిగ మాత్రం ఆగలేదు.

మొన్న లైబ్రరీ హాల్లో సంతాప సభ పెట్టాం. మాజీ ఎమ్మెల్యే గారు మనవడి భుజం పట్టుకుని వచ్చారు. మాట్లాడమని మైకు ఇచ్చారు. ఆయన లేచి, ఫొటో వైపు చూసి, గొంతు సవరించుకున్నారు. హాలంతా ఎదురుచూసింది. మాట రాలేదు. మళ్ళీ ప్రయత్నించారు, రాలేదు. మైకు మీద చెయ్యి అడ్డం పెట్టి, ముందు వరసలో ఉన్న నా వైపు వంగారు.

"గొంతు పోయిందని రాసుకో అమ్మా. ఈసారి క్షమాపణ అక్కర్లేదు."

మావయ్య గారి జ్ఞాపకంగా వేస్తున్న ఈ కాయితం రేపు అచ్చవుతుంది. అందులో ఎమ్మెల్యే గారి మీద ఇంత రాశాను కాబట్టి మొదటి కాపీ నేనే తీసుకెళ్ళాలి. నాకు సైకిలు రాదు, ఆటోలో వెళ్తాను. ఎల్లుండి శుక్రవారం. అరుగు మీద మజ్జిగ గ్లాసు, దాని మీద మూత, పెట్టే ఉంటాయి.