మామ నా కాలు విరగ్గొట్టిన రోజు

మా వీధినాటకంలో ఒక ఘట్టానికి ఊరూరా తిట్లు పడేవి. రాక్షసుడు రాజకుమార్తెను ఒడిసిపట్టుకుని, మెడమీద కత్తి పెట్టి, వీరుణ్ణి ఆయుధం కింద పడెయ్యమంటాడు. వేరే మేళాల్లో అయితే వీరుడు ఆయుధం పడేస్తాడు, దేవుడొచ్చి గండం గట్టెక్కిస్తాడు. మా మేళంలో వీరుడు గద ఎత్తి రాజకుమార్తె కాలిమీదే ఒక్కటి వేసేవాడు. ఆమె కుప్పకూలేది, ఆ బరువుకి రాక్షసుడు తూలేవాడు, అప్పుడు వీరుడు వాడి పని పట్టేవాడు.

ఆ వీరుడు మా మేనమామ. రాజకుమార్తె వేషం నాది. మీసం గొరిగించుకుని చీర కట్టానంటే నన్ను చూసి ఆడవాళ్ళే అసూయపడేవాళ్ళు, గొప్పలు కాదు. అలాంటి నన్ను మామ కొట్టగానే జనం లేచేవాళ్ళు. "ఆడకూతుర్ని కొడతాడేందిరా! వీడేం మగోడురా!" అంటూ మట్టిగడ్డలు విసిరేవాళ్ళు. సగం గడ్డలు నాకే తగిలేవి. ఆ ఘట్టం తీసేద్దాం మామా అని ఎన్నిసార్లు బతిమాలానో. ఆయన మొహాన అర్దళం రంగు తుడుచుకుంటూ ఒకటే మాట చెప్పేవాడు. "వాడికి ఆ పిల్ల డాలు రా. నిలబడినంతసేపే డాలు. కూలబడిందంటే బరువు. ఏడ్చేవాళ్ళని ఏడవనీ."

ఆ మామ కూతుర్నే చేసుకున్నాను. ధాత నామ సంవత్సరంలో కరువు వచ్చేసరికి మా మేళం చెదిరిపోయింది. గంజికి లేనివాళ్ళు నాటకం ఏం చూస్తారు? ఆ మరుసటి ఏడు వేసవిలో, ఆత్మకూరు గుడిసెలో నా భార్య మొదటి కాన్పు అయింది. ఆడపిల్ల. తల్లి కడుపులో గింజ లేదు, రొమ్ములో చుక్క పాలు లేవు. మొదట్లో గుక్కపట్టి ఏడ్చిన పిల్ల వారం తిరిగేసరికి పిల్లికూనలా మూలగడం మొదలుపెట్టింది. ఉదయగిరిలో మామ అక్క, మా పెద్దమ్మ, పాతరలో దాచిన జొన్నలు కాసిని మిగిలున్నాయని కబురొచ్చింది. ఇరుగుపొరుగుకి బాలింతను అప్పజెప్పి మామా నేనూ పరుగున వెళ్ళాం. ఆ మహాతల్లి తన నోరు కట్టుకుని నాలుగు కుంచాలు కొలిచి ఇచ్చింది. ఆ మూట ఆత్మకూరు చేరకపోతే తల్లీ దక్కదు, బిడ్డా దక్కదు. అది మా ఇద్దరికీ తెలుసు.

తిరుగుదారిలో, కొండ దిగి ఎండిన వాగు దాటుతుంటే నా కాలికి ముల్లు గుచ్చుకుంది. మిట్టమధ్యాహ్నం. మూట మోస్తూ మామ నాలుగు అడుగులు ముందున్నాడు. ముల్లు తీసుకుందామని నేను వంగానో లేదో, పొదల్లోంచి ఎవడో వచ్చి వెనకనుంచి నా జుట్టు పట్టి లేపాడు. మెడకింద కొడవలి అంచు తగిలింది.

"మూట ఆడ పెట్టి పో పెద్దాయనా. లేదంటే ఈణ్ణి కోస్తా."

సిగ్గు విడిచి చెబుతున్నాను, ఆ క్షణంలో నాకు పెళ్ళాం గుర్తు రాలేదు, పిల్ల గుర్తు రాలేదు. "ఇచ్చెయ్ మామా, ఇచ్చెయ్!" అని గొంతు చించుకున్నాను. మామ నా మొహం చూడలేదు. నా వెనకున్నవాడి కాళ్ళు చూశాడట, గడగడా వణుకుతున్నాయట. అది తర్వాత చెప్పాడు. రెండడుగులు దగ్గరికొచ్చి మూట మెల్లగా నేలమీద పెట్టాడు. వాడి చూపు మూటమీదికి పోయిందో లేదో, చేతికర్ర తిప్పి నా మోకాలి కింద కొట్టాడు. అబ్బ! ఉత్తుత్తి దెబ్బ కాదు. ఎముక విరిగిన చప్పుడు నేనే విన్నాను.

నేను పడ్డాను. వాడు నన్ను ఆపలేకపోయాడు. కొడవలి నా చెవి తమ్మె గీరి జారిపోయింది, వాడు నామీదే బోర్లా పడ్డాడు. మామ వచ్చి కొడవలిని కాలితో తొక్కిపట్టాడు. లేచి పారిపోయే ఓపిక కూడా లేదు వాడికి.

"మూడు దినాలాయె సామీ, నోట్లో ఏమన్నా పడి," అని నామీదే పడి ఏడ్చాడు.

మామ ఏం చేశాడో చూడండి! మూట విప్పి రెండు దోసిళ్ళ జొన్నలు వాడి పైగుడ్డలో పోశాడు. వాడు పచ్చివే నమిలాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. "నా కాలు ఇరగ్గొట్టి దొంగకి గింజలు పోస్తావా! ఆ ఇచ్చేదేదో ముందే ఇచ్చుంటే ఏం పోయింది?" అని అరిచాను.

"వాడు మూటంతా అడిగినాడు. నేను రెండు దోసిళ్ళు ఇచ్చినాను. అరవబాక, అలిసిపోతావు."

అంతటితో అయిందా? ఆత్మకూరు చేరాక ఇంకో రెండు దోసిళ్ళు ఇస్తాననీ, మూట మొయ్యమనీ వాడినే అడిగాడు. వాడు మోశాడు. మామ నన్ను వీపున వేసుకున్నాడు. రెండు రోజుల దారి. ఆ రెండు రోజులూ ఆయన చెవి దగ్గరే నా నోరు. "కూతురికోసం అల్లుడి కాలు తీసినావు. నీది గుండె కాదు, బండ. ఇంకొకడి కొడుకుననే గదా!" ఇలా ఎన్ని అన్నానో. పసివాడిగా ఉన్నప్పటినుంచి నన్ను సాకిన మనిషిని అన్నాను. ఆయన మధ్యమధ్యలో ఆగి, "నీళ్ళు తాగతావా?" అని మాత్రం అడిగేవాడు.

గుడిసె చేరాక మూట మోసినవాడు తన రెండు దోసిళ్ళ జొన్నలు పోయించుకుని, మా అందరికీ దణ్ణం పెట్టి వెళ్ళిపోయాడు. నా కాలు చూసి నా భార్య తండ్రిమీద విరుచుకుపడింది. "నా మొగుడి కాలు ఇరగ్గొట్టినావా! నీ చేతులెట్ట ఆడినాయి నాయనా!" ఆయన రోట్లో జొన్నలు దంచి, జావ కాచి, చల్లార్చి ముంత ఆమె చేతికిచ్చాడు. ఆమె తిడుతూనే తాగింది. కట్టు కట్టినవాడు నా కాలికి వెదురుబద్దలు బిగించి, నడుస్తావు గానీ ఇక గంతులు వెయ్యలేవు అన్నాడు. ఆడవేషం అంతటితో సరి. నేను గోడకేసి తిరిగి ఏడ్చాను. మామ గుమ్మం అవతలే ఉండిపోయాడు.

మూడో పొద్దున నా పక్కనే కూర్చుని నా భార్య పిల్లకు రొమ్ము అందించింది. పిల్ల రెండుమూడుసార్లు చీకి, ఆగింది. ఇద్దరం దాని పెదవులకేసే చూస్తున్నాం. అంతలో గుటక పడింది. ఇంకో గుటక. పాలు పిల్ల పెదవి పక్కనుంచి కారి తల్లి చీరమీద పడ్డాయి.

నొప్పి తెలియలేదంటే అబద్ధం, కాలు పోట్లెత్తుతూనే ఉంది. "మామా, ఇట్ట రా," అని పిలిచాను. మళ్ళీ తిడతాననుకున్నాడు కాబోలు, కాస్త ఎడంగానే వచ్చి కూర్చున్నాడు. ఆయన కుడిచెయ్యి లాక్కుని నా కళ్ళకు అద్దుకున్నాను. అప్పటిదాకా రాయిలా ఉన్న మనిషి బావురుమన్నాడు. "నొప్పి తగ్గిందా రా?" అని ఏడుస్తూనే అడిగాడు.